అడిగి పోసిన నీళ్ళు

దమయంతి ఇంట్లో నీళ్ళ బిందె వంటింట్లో ఉండదు, పడగ్గదిలో ఆమె మంచం పక్కన ఉంటుంది. బిందె మీద మూత, మూత మీద గ్లాసు, గ్లాసు మీద ఆమె కళ్ళు. మొగుడు శివాజీ జీడితోట నుంచి ఎండలో మాడి వచ్చి గుమ్మంలో చతికిలబడితే ఆ గ్లాసుతో సగం నీళ్ళు వస్తాయి. మిగతా సగం సంగతి అడిగే ధైర్యం అతనికి లేదు. ఆ ఇంట్లో గొంతు పెంచే హక్కు ఒక్కళ్ళకే ఉంది, ఆ ఒక్కళ్ళూ శివాజీ కాదు.

ఇదేదో పిసినారితనం అనుకునేరు. పాపం, దానికీ ఆమెకీ సంబంధం లేదు. పూండి చుట్టుపక్కల ఊళ్ళలో ఏ వీధికి వెళ్ళినా ఇద్దరు ముగ్గురు కిడ్నీ జబ్బు మనుషులు తగులుతారు. వేరేచోట మనిషికి మనిషి ఎదురైతే వానల గురించి అడుగుతాడు, ఇక్కడ "నీకెంత?" అంటాడు. అంటే రక్తపరీక్షలో క్రియాటిన్ ఎంత వచ్చిందని, అది ఎంత పెరిగితే కిడ్నీ అంత చెడినట్టు. దమయంతి అన్న రమణకి అది బాగా పెరిగిపోయి, పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకునేవాడు. డయాలసిస్ దాకా వెళ్ళిన మనిషి ఒంట్లోకి వెళ్ళిన నీరు మళ్ళీ బయటికి రాదు, అందుకని కొలిచి తాగాలి. రమణ దాహంతో గోడలు గీరేవాడు. ఒక వేసవిలో ఆ అవస్థ చూడలేక అతని పెళ్ళాం ధనలక్ష్మి చెంబుడు మజ్జిగ ఇచ్చింది, ఆ తరవాత ఇంకో చెంబుడు. ఊపిరితిత్తుల్లో నీరు నిండి, పలాస చేరకముందే దారిలో పోయాడు. శవం దగ్గర పదిమందీ ఉండగా దమయంతి వదిన మొహం మీదే అనేసింది.

"నీల్లు పోసి సంపేసినావు మా అన్నని."

ఆ రోజు నుంచి ఇద్దరిదీ ఒకే వీధి అయినా, ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకి ఊళ్ళో మెడికల్ క్యాంపు పెట్టారు. శివాజీకి క్రియాటిన్ కాస్త పెరిగిందని తేలింది. కాస్తే. "ఇది మొదట్లోనే ఉంది, కంగారేం లేదు. నీళ్ళు బాగా తాగు, మిట్టమధ్యాహ్నం ఎండలో పని తగ్గించు" అని క్యాంపు డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. దమయంతి బుద్ధిగా తల ఊపింది. ఇంటికొచ్చి బిందెని పడగ్గదిలోకి మార్చింది.

"డాక్టరు తాగమన్నాడు కదే" అన్నాడు శివాజీ.

"ఆ డాక్టరేటి మా అన్న పోయినప్పుడు సూసేడేటి?" అంది ఆమె. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

ఈ ఏడు జీడిపిక్కలు ఏరే రోజుల్లో శివాజీకి జ్వరం తగిలింది. జ్వరం మీద దగ్గు, దగ్గు మీద విరేచనాలు. పొయ్యి మీద పెనంలా కాలిపోతున్న ఒంటితో మంచానికి అతుక్కుపోయి, "ఓ గుక్క పొయ్యే" అని అడిగాడు. దమయంతి తడిగుడ్డతో పెదాలు అద్దింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అద్దింది. అద్ది, పెరట్లోకి పోయి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇచ్చేద్దామని చెయ్యి ఎన్నిసార్లు గ్లాసు దాకా వెళ్ళిందో ఆమెకే తెలుసు. వెళ్ళిన ప్రతిసారీ అన్న కళ్ళముందు మెదిలేవాడు, చెయ్యి వెనక్కి వచ్చేసేది. ఆమెకి మొగుడంటే ప్రాణం, ఆ ప్రాణం కోసమే బిందెకి కాపలా కాసింది.

చివరికి శివాజీ ఆమెని పట్టుకుని "అమ్మా" అని పిలవడం మొదలుపెట్టాడు. అప్పుడు దమయంతి వీధిలోకొచ్చి పెట్టిన కేకకి, అన్నాళ్ళుగా ఆ గుమ్మం తొక్కని ధనలక్ష్మే ముందు పరిగెత్తుకొచ్చింది. 108కి ఫోన్ చేసిందీ, అంబులెన్సులో శివాజీ తల పట్టుకుని కూర్చుందీ ఆమే. టెక్కలి ఆసుపత్రి చేరేదాకా ఆడవాళ్ళిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

*

ఐసీయూలో శివాజీ నోట్లో గొట్టం పెట్టి మత్తు ఇచ్చారు. పక్కనున్న వెంటిలేటరు అతని బదులు ఊపిరి తీసి వదులుతోంది. ఊపిరితిత్తికి నిమ్ము పట్టిందనీ, ఆ విషం రక్తంలోకి పాకి బీపీ పడిపోయిందనీ డ్యూటీ డాక్టరు బిందు చెప్పింది. మందస వైపు అమ్మాయి, ముప్పై దాటి ఉండవు. మాట నెమ్మది.

"ఇంట్లో నీళ్ళు ఎలా తాగేవాడమ్మా?" అని అడిగింది.

దమయంతి నిటారుగా నిలబడింది. ఇన్నేళ్ళ కష్టానికి ఇప్పటికి ఒకరు లెక్క అడిగారు.

"తల్లీ, నాను సూసుకోకుండా ఒగ్గేసినానని అనుకోకు. ఈ జొరం వొచ్చిన కాడినించి పెదాలు తడపడమే గాని గుక్కెడు నీల్లు ఇవ్వనేదు. ఏడ్సినా ఇవ్వనేదు."

"విరేచనాలు అయినప్పుడు కూడానా?"

"అప్పుడూ ఇవ్వనేదు" అంది దమయంతి, మెచ్చుకుంటుందేమో అని చూస్తూ.

బిందు మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. మంచం దగ్గరికి వెళ్ళి శివాజీ పొట్ట మీది చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. అది ముడతగానే నిలబడిపోయింది.

కాసేపటికి పెద్ద డాక్టరు సోమేశ్వరరావు వచ్చాడు. చూపు కటువే గానీ మనిషి కటువు కాదు. తెర మీద అంకెలు చూశాడు, ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూశాడు.

"వచ్చాక ఓ సెలైన్ ఎక్కించాం కదా. ఇంక వద్దు బిందూ. కిడ్నీ మనిషి. కుడి ఊపిరితిత్తి ఇప్పటికే తెల్లగా ఉంది. ఇంకా పోస్తే మునిగిపోతాడు. బీపీ నిలబెట్టే మందే పెంచుదాం."

"సార్, ఒంట్లో నీరు వట్టిపోయి వచ్చాడు. ఇంట్లో నీళ్ళే ఇవ్వలేదట. ఇప్పుడు మనం కూడా పొయ్యకపోతే ఉన్న కిడ్నీ కాస్తా పోతుంది."

"నువ్వన్నది నిజం కావచ్చు, నేనన్నదీ కావచ్చు. ఇద్దరం ఊహిస్తున్నాం."

"తెర మీద నాడి ఊపిరితో పాటు ఊగుతోంది సార్. అది చూసి చెప్పలేమా?"

"ఊపిరితిత్తి దెబ్బతినకుండా మిషన్ చిన్న చిన్న ఊపిరి ఇస్తోంది. అప్పుడు ఆ ఊపుని నమ్మడానికి లేదు. కాళ్ళెత్తి చూడు. ఏం తేలితే అదే చేద్దాం" అని పక్క మంచానికి వెళ్ళాడు.

దమయంతికి ఇందులో అర్థమైన మాట ఒక్కటే, పొయ్యడం. అది చాలు. వచ్చి మంచానికీ, సెలైన్ స్టాండుకీ మధ్య అడ్డంగా నిలబడింది.

"నీల్లు ఎక్కించొద్దు తల్లీ. మా అన్న ఇలాగే పోయాడు. నా పేనం తియ్యి, ఒప్పుకోను."

నర్సు ఏదో అనబోతే బిందు ఆపింది.

"సరే. మీరు ఊ అనేదాకా చుక్క కూడా పొయ్యను. ముందు ఓ చిన్న పరీక్ష చేస్తాను, సూది లేదు, మందు లేదు. అదైనా చెయ్యనిస్తారా?"

సూది లేదంటే దమయంతి పక్కకి జరిగింది. అప్పటిదాకా శివాజీ మంచంలో సగం కూర్చున్నట్టు ఉన్నాడు. బిందు అతని పక్కటెముకల సందున ఒక స్కానింగ్ పరికరం ఆనించి పట్టుకుంది. గుండె ఒక్కో దెబ్బకి ఎంత రక్తం తోస్తోందో చెప్పే అంకె తెర మీద పడింది, పద్నాలుగు. నర్సు మీట నొక్కింది. మంచం తలవైపు కిందికి దిగుతూ, కాళ్ళవైపు పైకి లేవసాగింది. తల పల్లానికి, కాళ్ళు మిట్టకి.

అది చూడగానే దమయంతి మొహం విప్పారింది. వాళ్ళ ఊరికి సముద్రం ఎంతో దూరం కాదు. అలలకి కొట్టుకుపోయిన మనిషిని ఒడ్డుకి లాగితే చేపల వేటకెళ్ళేవాళ్ళు సరిగ్గా ఇలాగే, ఇసుక వాలులో తల కిందికి పెట్టి, పట్టిన నీరంతా కక్కిస్తారు. చిన్నప్పటి నుంచి చూసిన పని. ఇన్నాళ్ళకి తన మాట అర్థమైన డాక్టరు దొరికిందనుకుంది.

"కక్కించు తల్లీ. ఇందాక ఎక్కించిన సీసా కూడా బయటికి తీసెయ్" అంది.

బిందు తెర మీద నుంచి చూపు తిప్పకుండానే, "ఏటి కక్కించడం?" అంది.

"ఊపిరితిత్తుల్లో నీల్లు. అందుకే కదా కాళ్ళు ఎత్తినావు?"

బిందుకి నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వుని లోపలే మింగేసింది, ఎదుట ఉన్నావిడ మొహంలో ఉన్న ఆశ చూసి.

"కాదమ్మా. నీళ్ళు తియ్యడానికి కాదు, నీళ్ళు కావాలా అని అడగడానికి. కాళ్ళు ఎత్తితే కాళ్ళలో రక్తం ఓ గ్లాసున్నర గుండెకి జారుతుంది. బయటి నుంచి నేనేమీ పొయ్యలేదు, అది ఆయన సొంతం. గుండె నీళ్ళకి మొహం వాచి ఉంటే, ఆ కాస్త అందగానే దెబ్బ దెబ్బకీ ఎక్కువ రక్తం తోస్తుంది. అక్కర్లేకపోతే ఎప్పటిలాగే ఉంటుంది. అప్పుడు కాళ్ళు దించేస్తాం, ఎక్కడిది అక్కడికి పోతుంది. నాది తప్పయినా ఆయనకి నష్టం లేదు."

"అంటే మావనే అడుగుతున్నావా, కావాలా అక్కర్నేదా అని?"

"అదే. నేనూ చెప్పను, మీరూ చెప్పొద్దు. ఆయన్నే చెప్పనిద్దాం. ఇందాక పద్నాలుగు ఉంది, చూశారుగా. ఆ అంకె చూడండి."

దమయంతికి తెర మీద మిగతా గీతలన్నీ పిచ్చి రాతల్లా ఉన్నాయి కానీ అంకెలు వచ్చు. క్రియాటిన్ ఊరి మనిషికి అంకెలు చదవడం ఒకరు నేర్పక్కర్లేదు. పద్నాలుగు అక్కడ కాసేపు నిలబడింది. కదిలింది. పదిహేను. పదహారు. పదిహేడు దగ్గర ఆగింది. పైన బీపీ అంకె కూడా నెమ్మదిగా పాకింది. బిందు కాళ్ళు దించమంది. మంచం మామూలుగా అయ్యేసరికి పదిహేడు మళ్ళీ పద్నాలుగుకి జారిపోయింది.

"దాహంగా ఉన్నాడమ్మా" అంది బిందు. "చాలా దాహంగా ఉన్నాడు."

ఆ మాట అనకుండా ఇంకేం అన్నా దమయంతి తట్టుకునేది. నువ్వే చంపబోయావని అరిచినా నిలబడి ఎదురు అరిచేది. ఆ నోటికి ఊళ్ళో అంత పేరుంది. కానీ నోట్లో గొట్టంతో, కళ్ళు మూసుకుని, మాట పెగలని మనిషి చేత నీళ్ళడిగించింది ఆ డాక్టరు. ఇంట్లో నోరు ఉన్నప్పుడు ఎన్నిసార్లు అడిగాడో, ఎన్నిసార్లు తడిగుడ్డ అద్దిందో అంతా కళ్ళముందుకి వచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది. మంచం పట్టె పట్టుకుంది.

"పొయ్యి తల్లీ" అంది. "బేగి పొయ్యి."

*

సెలైన్ పెట్టి ఆమెని బయటికి పంపారు. వరండాలో బెంచీ మీద ధనలక్ష్మి కూర్చుని ఉంది. దమయంతి వెళ్ళి ఆ చివర కూర్చుంది. ఇద్దరి మధ్య మరో ఇద్దరు పట్టే జాగా.

"ఏటన్నారు?" అంది ధనలక్ష్మి.

"దాహంగా ఉన్నాడంట."

అనడానికి ధనలక్ష్మి దగ్గర చాలా ఉంది. శవం దగ్గర పదిమందిలో పడ్డ మాట ఆమె ఒంటిని పట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగింది. ఇవాళ వడ్డీతో సహా తిరిగి ఇచ్చేస్తే కాదనేవాళ్ళు లేరు. ఆ సంగతి దమయంతికీ తెలుసు. తల వంచుకుని దాని కోసమే ఎదురుచూసింది.

అది రాలేదు. దమయంతే నోరు విప్పింది.

"వదినా, నువ్వు పోసి సంపేసినావన్నాను. నాను పొయ్యకుండా సంపేస్తన్నాను."

"సంపనేదు కదా. లోపలున్నాడు" అంది ధనలక్ష్మి. "మీ అన్న ఏడుపు సూడనేక ఇచ్చాను. నువ్వు మీ అన్న సావు సూసి ఇవ్వడం మానేసినావు. ఇద్దరమూ మనిషిని బతికించుకోవాలనే సేసినాం. కావాలా వొద్దా అని సూసేది ఒకటుందని మనకి ఎవులు సెప్పారు?"

దమయంతి మధ్యనున్న జాగా దాటి జరిగి, వదిన భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. పక్క బెంచీ వాళ్ళు ఎవరో పోయారనుకుని లేచి నిలబడ్డారు. ధనలక్ష్మే చెయ్యి ఊపి వాళ్ళని కూర్చోమంది.

మర్నాడు లోపలికి రానిచ్చారు. ఈలోగా బిందు సెలైన్ ఒక్కసారే పొయ్యలేదు. కాస్త పోసి కాళ్ళెత్తి చూసింది, మళ్ళీ కాస్త పోసి మళ్ళీ చూసింది. బీపీ మందు సగానికి తగ్గింది. మంచానికి వేలాడుతున్న సంచిలోకి మూత్రం చుక్క చుక్కగా దిగడం మొదలైంది. దమయంతి ఆ సంచికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నర్సు నవ్వితే, "నవ్వు, నీకేటి తెలుసు" అంది. ఆమె పాత గొంతు కాస్త తిరిగొచ్చినట్టే.

ఆ పూట బిందు మళ్ళీ మంచం వాల్చింది. దమయంతి ఇప్పుడు చెప్పించుకోకుండానే తెర పక్కన నిలబడింది. కాళ్ళు లేచాయి. పద్దెనిమిది. చూసింది, చూసింది. పద్దెనిమిదే. కాళ్ళు దిగాయి, అప్పుడూ పద్దెనిమిదే. బిందు సెలైన్ గొట్టం చక్రం తిప్పి ఆపేసింది.

దమయంతి స్టాండు పట్టుకుంది. "అదేటి తల్లీ, ఆపేసినావు? సీసాలో ఇంకా ఉంది. అదైనా పొయ్యి."

"చాలమ్మా."

"నిన్న అంత దాహంగా ఉన్నాడన్నావు. కావాలంటే ఇంకో సీసా నాను కొనుక్కొత్తాను. నీకు దండం పెడతాను, ఆపకు."

నిన్న ఇదే చోట నీళ్ళు పొయ్యొద్దని అడ్డం నిలబడ్డ మనిషి ఇవాళ అదే స్టాండు పట్టుకుని పొయ్యమని బతిమాలుతోంది. బిందు ఆమె చెయ్యి స్టాండు మీద నుంచి మెల్లగా విడిపించింది.

"నిన్న కావాలన్నాడు, ఇచ్చాం. ఇవాళ వద్దంటున్నాడు. ఇప్పుడు కూడా పోస్తే మీ అన్నగారికి అయినట్టే అవుతుంది. మీ అన్నగారి కిడ్నీ వేరు, ఈయన కిడ్నీ వేరు. నిన్నటి ఒళ్ళు వేరు, ఇవాళ్టి ఒళ్ళు వేరు. ప్రతిసారీ అడగాల్సిందే."

దమయంతి సగం సీసా వైపు చూసింది, తెర వైపు చూసింది. భయం పోలేదు. కానీ ఈసారి భయానికి ఎదురుగా ఒక అంకె ఉంది, అది కదల్లేదు. "సరే తల్లీ" అని స్టాండుకి దూరంగా జరిగింది.

*

నిమ్ము తగ్గుముఖం పట్టి, మత్తు ఆపేశాక శివాజీ కళ్ళు తెరిచాడు. ఆ వారంలోనే ఓ ఉదయం గొట్టం తీసేశారు. క్రియాటిన్ ముందున్న చోటుకి ఇంకా దిగలేదు గానీ దిగుతోందనీ, డయాలసిస్ ఊసే అక్కర్లేదనీ సోమేశ్వరరావు చెప్పాడు. ఇంటికెళ్ళాక రోజుకి ఎన్ని నీళ్ళు తాగాలో, ఎండలో పని చేసిన రోజు ఎంత ఎక్కువ తాగాలో, కాళ్ళు పొంగితే ఎప్పుడు రావాలో దమయంతి చేత రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు. ఆమె తప్పు లేకుండా చెప్పింది. అలా చెప్పిన మనిషిని నమ్మొచ్చో లేదో అన్నట్టు ఆయన బిందు వైపు చూశాడు. బిందు నమ్మొచ్చంది.

శివాజీ గొంతు ఎండుటాకులా ఉంది. భార్య మొహంలోకి చూసి, పెదాలు కదిపాడు. శబ్దం రాకపోయినా ఏ మాటో ఆమెకి తెలుసు. ఆ మాటకే ఆమె తడిగుడ్డ తెచ్చేది.

మింగగలుగుతున్నాడని చూసుకుని, బిందు చిన్న గ్లాసూ చెంచా దమయంతి చేతికిచ్చింది. "మెల్లగా. ఒక్కో చెంచా. పొలమారితే ఆపండి."

దమయంతి చెంచా ముంచింది. సగం దుప్పటి మీద ఒలికింది. అన్న మొహం కళ్ళముందు మెదిలింది, ఎప్పుడూ వచ్చేదే. ఈసారి చెయ్యి వెనక్కి రాలేదు. చెంచా మొగుడి పెదాల దాకా వెళ్ళింది. అతని గొంతుముడి పైకి లేచి కిందికి దిగింది. రెండో చెంచా. ఇంకొకటి. మింగినప్పుడల్లా అతని కళ్ళు మూతపడి తెరుచుకుంటున్నాయి, ఆ కళ్ళలోకే చూస్తూ ఆమె పోసింది. గ్లాసులో ఇంకా కొన్ని నీళ్ళు ఉండగా ఆమె మరో చెంచా ఎత్తింది.

శివాజీ మెల్లగా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"సాలే" అన్నాడు.

చెంచా గాల్లోనే ఆగిపోయింది. బిందె గదిలోకి మారిన రోజు నుంచి అతని నోట ఆ మాట ఆమె ఒక్కసారి కూడా వినలేదు. అది అనేదాకా ఎప్పుడూ పొయ్యలేదు. మనిషికి నీళ్ళు ఇస్తే తాగుతూనే ఉంటాడు, ఎవరో ఒకరు లాక్కోవాలి అనే ఇన్నాళ్ళూ అనుకుంది.

ఆమె తలుపు వైపు తిరిగింది. బయట బెంచీ మీదున్న ధనలక్ష్మికి వినపడేలా, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో పిలిచింది.

"వదినా, సాలంతన్నాడు."